రాతికి తడి

పలుగురాతికి తడి పెట్టడం ఎర్రగొండ్లపల్లి వాళ్లకు చేతకాదు. శెనక్కాయ చేనుకు తడి పెట్టడం తెలుసు. బోర్లు బతికున్న కాలంలో చీనీచెట్లకు పది రోజులకొక తడి ఇచ్చి కాపాడుకున్నదీ తెలుసు. ఒక్క తడి తక్కువై పంట పోయిన ఏడాది ఏదంటే పదేళ్ల పిల్ల కూడా చెబుతుంది. రాతికి తడేమిటి? నీళ్లు పోస్తే రాయి కాయలు కాస్తుందా?

అందుకే ఆ సోమవారం పొద్దున గనిలో జనమంతా చేతులాడక నిలబడ్డారు. కాలేజీ నుంచి వచ్చిన మేడం చూస్తుండగా డ్రిల్లు మిషనుకు నీళ్ల పైపు తగిలించాలి. డ్రిల్లరు పాపన్న తగిలించబోయాడు. మర పట్టలేదు. తుప్పు. షెడ్డులో ఏళ్ల తరబడి వేలాడిన ఆ పైపు మూతిలో కందిరీగ మట్టిగూడు కట్టి, పిల్లల్ని చేసుకుని, ఎగిరిపోయి కూడా ఉంటుంది. ఈశ్వరి పుల్లతో పొడిచి గూడు రాల్చింది. కిరసనాయిలు గుడ్డతో మర తుడిచి తనే తిప్పి బిగించింది. పాతికేళ్లు దాటి మూడో నాలుగో. మైనింగ్ డిప్లొమా చదివి, పరీక్ష రాసి, సర్టిఫికెట్ తెచ్చుకుని ఈ గనికి ఫోర్‌మన్ అయింది. ఆడమనిషి అయినా ఊళ్లో అందరూ ఫోర్‌మన్ అనే అంటారు.

మేడం పేరు లక్ష్మీప్రసన్న. గనుల్లో దుమ్ము మీద పరిశోధన చేస్తోంది. ఇక్కడ ఆరేళ్లు డ్రిల్లు కొట్టి మంచం పట్టిన కుళ్లాయప్ప, తనది గని దుమ్ము జబ్బేనని దరఖాస్తు పెట్టుకున్నాడు. నిజమో కాదో కొలిచి, విచారించి రాయమని ఆమెను పంపించారు. అరచేతిలో పట్టే పంపు ఒకటి పాపన్న నడుముకు కట్టింది. దాని సన్న గొట్టం చివర రూపాయి బిళ్లంత తెల్ల కాగితం. దాన్ని అతని చొక్కా కాలరుకు గుచ్చింది. మనిషి పీల్చే గాలిలో ఎంత దుమ్ముందో ఆ కాగితం చెబుతుందట.

కంప్రెసర్ మోగింది. పాపన్న పాతిక కేజీల మిషనును పొట్టకు ఆనించుకుని రాతి మీద మోపాడు. రోజూ అయితే బెజ్జంలోంచి తెల్లపిండి పిచికారీ లేస్తుంది. కనురెప్పలు, మీసాలు, చెవుల్లో వెంట్రుకలు తెల్లబడతాయి. సాయంత్రానికి ఇరవై ఏళ్లవాడు కూడా ముసలివాడై ఇంటికి పోతాడు. ఆ రోజు పిండి లేవలేదు. గంజి లాంటి బూడిదరంగు బురద బెజ్జంలోంచి పొంగి మెట్టు మీదుగా కిందికి జారింది. అందరూ దాన్నే చూస్తున్నారు. ఎవరో గబగబా పోయి కింద ఒక తట్ట పెట్టారు. నీళ్లు తేరుకున్నాక మేకలైనా తాగుతాయని.

లక్ష్మీప్రసన్న ఆ తట్టను చూసింది. రాలిన మట్టిగూడును చూసింది. గడియారం చూసి పుస్తకంలో టైము రాసుకుంది.

తొమ్మిది గంటల ట్యాంకరు ఆ రోజు గనిలోనే ఉండిపోయింది. ఐదువేల లీటర్లు. దుమ్ము అణచడానికని కాగితాల్లో ఉన్న నీళ్లు. ఐదేళ్లుగా ఆ ట్యాంకరు గేటు దగ్గర ఆగుతుంది, ఫోర్‌మన్ సంతకం చేస్తుంది, బండి వెనక్కి తిరిగి ఊళ్లోకి పోతుంది. నూట నలభై గడపలు ఆ నీళ్లే తాగుతాయి. ఊరి నడుమ సిమెంటు తొట్టి మీద ‘వీరభద్రయ్య గారి ఉచిత జలదానం’ అని నీలం అక్షరాలు. వీరభద్రయ్య గని యజమాని. కూలోళ్ల ఊపిరితిత్తుల్లోంచి తీసి కూలోళ్ల బిందెల్లో పోసి, దానికి దానమని పేరు పెట్టుకున్నాడు. చట్ట ప్రకారం ఆయన పెట్టాల్సిన ఖర్చు అది, పుణ్యం కూడా ఆయనకే.

మధ్యాహ్నం షెడ్డులో లక్ష్మీప్రసన్న కాలరు కాగితాన్ని పటకారుతో తీసి డబ్బాలో పెట్టింది. కాగితం దాదాపు పెట్టినంత తెల్లగానే ఉంది. రోజువారీ రిజిస్టరు అడిగి తీసుకుని పేజీలు తిప్పింది. తడి డ్రిల్లింగ్ జరిగిందా అన్న గడిలో ఐదేళ్ల పొడుగునా ‘అవును’, పక్కన ఈశ్వరి సంతకం. ఒక్క రోజూ తప్పలేదు.

రిజిస్టరు మూసి ఆమె ఈశ్వరితో మెల్లగా కుళ్లాయప్ప సంగతి చెప్పింది. ఎక్స్‌రేలు చూశానంది. ఆర్నెల్లు క్షయ మాత్రలు మింగించినా తగ్గలేదంటే ఆ మచ్చలు క్షయవి కావని తనకు తెలుసంది. కానీ తెలిసింది రాయడానికి లేదంది. తన కాగితం తెల్లగా ఉంది, రిజిస్టరు అవునంటోంది.

“పైపులో మట్టిగూడు నేను రాయలేనండీ. ఎవరో ఒకరు నోటితో చెప్పాలి. బుధవారం ఆయన్ని పిలిచాను. మీరు చెప్పి, ఆయనా అవునంటే, నేను రాస్తాను.”

చెబితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. ఈశ్వరి సర్టిఫికెట్ పోతుంది. చెప్పకపోతే కుళ్లాయప్పది బీదోడి దగ్గుగానే మిగిలిపోతుంది. అతని భార్య గంగక్కకు రావాల్సిన పింఛను రాదు. మిగిలిన పదకొండు మంది డ్రిల్లర్లు అదే పిండి పీలుస్తారు.

మంగళవారం రెండో కొలత. మళ్లీ నీళ్లు, మళ్లీ తెల్ల కాగితం. పది గంటలకు వీరభద్రయ్య వచ్చాడు. కోప్పడే మనిషి కాదు. రాయదుర్గంలో బట్టల కొట్టు నడిపిన కుటుంబం, గొంతు లేపితే బేరం పోతుందని నేర్చుకున్న వంశం. కుర్చీలో కూర్చుని, చెప్పులు విడిచి, కుళ్లాయప్ప ఆరోగ్యం అడిగాడు. దరఖాస్తు ఎవరు రాసిచ్చారని అడిగాడు. తనేనని ఈశ్వరి చెప్పింది.

“నేనూ అదే అనుకుంటిని. అక్షరాలు గుండ్రంగా బాగుండాయి. దరఖాస్తులో చేతిరాత, రిజిస్టర్లో చేతిరాత ఒకటేనమ్మా. దేన్ని నమ్మల్లో వాళ్లెట్ల తేల్చుకుంటారు?”

ఆయన చెప్పులు తొడుక్కుంటూ, రెండు రోజులుగా ఊళ్లో నీళ్లు లేవంట గదా అని బాధపడ్డాడు. ట్యాంకరు గనికని రాసుకున్నప్పుడు గనిలోనే ఉండాలంటే ఉంచుతాననీ, చట్టం అందరికీ ఒకటేననీ, ఊరివాళ్లు అడిగితే ఫోర్‌మన్‌ను అడగమంటాననీ అన్నాడు. అంత మెత్తగా కోసే కత్తి ఉంటుందని ఈశ్వరికి అంతవరకూ తెలియదు.

మధ్యాహ్నం ఆమె కుళ్లాయప్ప ఇంటికి పోయింది. దారిలో ఆడవాళ్లు ఖాళీ బిందెలతో గుమ్మఘట్ట రోడ్డు వైపు పోతున్నారు. మూడు మైళ్ల అవతల ఎవరిదో తోటలో బోరు పోస్తోందట. వాళ్లలో ఒకామె కన్నడంలో ఏదో అంది, మిగిలినవాళ్లు ఈశ్వరి వైపు చూసి ఊరుకున్నారు.

కుళ్లాయప్ప వాకిట్లో గోడకు చుట్టిన పరుపు ఆనించుకుని కూర్చున్నాడు. పడుకుంటే ఊపిరాడదు, ఆర్నెల్లుగా నిద్ర కూడా కూర్చునే. నలభై ఆరేళ్లు. మిషను మోసిన భుజాలు చొక్కాలో కొయ్యకు తగిలించినట్టున్నాయి. ఒళ్లో కిత్తనార. కాలి బొటనవేలికి పురి తగిలించి పగ్గం పేనుతున్నాడు. రెండు మెలికలు తిప్పి ఆగుతాడు, గాలి తీసుకుంటాడు, మళ్లీ రెండు మెలికలు.

“ఏమమ్మా ఫోర్‌మనూ” అన్నాడు. ఆగాడు. “రాతికి తడి పెట్టినారంటనే.”

“పెట్టినామన్నా.”

“బాగ మొలిచిందా?”

చేటలో కొర్రలు చెరుగుతున్న గంగక్క నవ్వింది. “మొలిచింటే నీకే తెస్తుండ్య కదా, అడిగేదేముండాది” అంది. నవ్వుతూనే లేచి లోపలికి పోయి, చెంబులో అడుగున ఉన్న నీళ్లు గ్లాసులో వంచి ఈశ్వరికి తెచ్చింది. సగం గ్లాసు. ఈశ్వరి దాహం లేదంది. గంగక్క గ్లాసు ఆమె పక్కన పెట్టింది, వెనక్కి తీసుకోలేదు.

ఈశ్వరి చెప్పాల్సింది ఒక్క బిగిన చెప్పింది. రేపు మేడం ముందర రిజిస్టరంతా అబద్ధమని చెబుతాను. ఐదేళ్లుగా ట్యాంకరు ఊరికి పోయిందని, మిషన్లు పొడిగానే కొట్టారని, తెలిసీ నేనే సంతకం పెట్టానని చెబుతాను. నువ్వు అవునంటే చాలు.

కుళ్లాయప్ప నార తిప్పడం ఆపలేదు.

“సంతకం... నువ్వెందుకు పెట్టినావు? నేను... నీళ్లు ఊరికియ్యల్లని బండికి అడ్డం పండుకున్న్యా కాబట్టి. ఆ యెండాకాలం. నువ్వు చేరి... నెల్లాళ్లు కూడా కాలా. చక్రం కింద నేను, పైన నువ్వు. ఏడిస్తివి.”

“నేను లెయ్ అని గట్టిగ అనింటే నువ్వు లేస్తుంటివన్నా.”

“ఊహూ, లేస్తుండ్లా.”

తర్వాత ఒక్కొక్కటే అడిగాడు. చెబితే ఆమెకేమవుతుందని. సర్టిఫికెట్ తీసుకుంటారంది. గనికేమవుతుందని. నీళ్లు పెట్టి కొట్టేదాకా ఆపేస్తారంది.

“ట్యాంకరు?”

“గనిలోనే ఉంటాది. దాని పని దానికి ఉండాది కదన్నా. ఊరికి వేరే నీళ్లు అడగల్ల. అర్జీ పెడదాము. నేనే రాస్తా, నేనే తిరుగుతా.”

అర్జీ అన్న మాట వినగానే గంగక్క చేట ఒక్క క్షణం ఆగింది. ఆ ఊరు పెట్టిన అర్జీలు తూకానికి వేస్తే ఒక బండికి వస్తాయి. కుళ్లాయప్ప కాలివేలు నుంచి పురి తప్పించి, పేనిన పగ్గాన్ని మోచేతికి చుట్టి కొలుచుకున్నాడు.

“సరేలేమ్మా” అన్నాడు. “నువ్వు చెప్పేది నువ్వు చెప్పు.”

ఈశ్వరి దాన్ని ఒప్పుకోలు అనుకుంది. ఆ ఊళ్లో పెరిగిన మనిషి అయితే అనుకునేది కాదు. నువ్వు చెప్పేది నువ్వు చెప్పు అంటే, నేను చెప్పేది నేను చెబుతాను అని. ఆమె చిలమత్తూరు పిల్ల. పైగా నమ్మాలని వచ్చిన మనిషి చెవి తనక్కావలసిందే వింటుంది. సగం గ్లాసు నీళ్లు తాగి, కళ్లు తుడుచుకుని లేచింది.

బుధవారం పొద్దున మూడో కొలత అయ్యాక షెడ్డులో బల్ల వేశారు. ఒక వైపు లక్ష్మీప్రసన్న. గోడ దగ్గర వీరభద్రయ్య, విచారణలో నోరు తెరవనని ముందే మాటిచ్చి కూర్చున్నాడు. డ్రిల్లర్లు బయట నీడలో. కుళ్లాయప్పను ఆటోలో తెచ్చారు. గేటు నుంచి షెడ్డుదాకా ముప్పై అడుగులు. నాలుగుసార్లు ఆగాడు. గంగక్క చేయి పట్టబోతే విడిపించుకున్నాడు.

ముందు ఈశ్వరి చెప్పింది. నిలబడే చెప్పింది. తారీకులతో సహా చెప్పింది. ఏ నెల నుంచి ట్యాంకరు గేటు లోపలికి రావడం మానేసిందో, ఎన్ని బెజ్జాలు పొడిగా కొట్టారో, కొట్టినవాళ్ల పేర్లేమిటో చెప్పింది. అయినా అవునని రాశానంది. తన పేరు, సర్టిఫికెట్ నంబరు చెప్పి ఆపింది. ఐదేళ్ల తర్వాత మొదటిసారి ఛాతీ తేలికైనట్టు అనిపించింది. వీరభద్రయ్య కిటికీ బయటికి చూస్తున్నాడు. లక్ష్మీప్రసన్న వేగంగా రాసుకుంటోంది. ఆమె ముఖంలో ఏదో వెలుగు. రాసి, తలెత్తి కుళ్లాయప్పను అడిగింది.

“మిషను కొట్టేటప్పుడు నీళ్లు పోసేవాళ్లా పెద్దాయనా?”

“పోస్తాంటిమమ్మా.”

ఆమెకు సరిగ్గా వినపడలేదనుకుని మళ్లీ అడిగింది.

“పోస్తాంటిమి. రోజూ.” ఊపిరి తీసుకున్నాడు. “ట్యాంకరు... ఈడికే వస్తాండ్య. మా పని అయినంక... మిగిలినవి ఊరికి.”

“మరి ఈమె చెప్పింది?”

“ఆయమ్మ మంచిది. నా గతి చూసి... మనసు చెడి... చెప్తాండాది. నన్ను బతికియ్యల్లని.”

ఈశ్వరి “అన్నా” అని ఒక అడుగు వేసింది. ఆయన ఆమె వైపు చూడలేదు. మరి ఈ జబ్బు ఎక్కడిది అని లక్ష్మీప్రసన్న అడిగింది. ఆ గొంతులో ప్రశ్న లేదు, బతిమాలడం ఉంది.

“బీడీలమ్మా. చిన్నప్పట్నుంచీ... కట్టలు కట్టలు తాగినా.”

పుట్టి బుద్ధెరిగి బీడీ ముట్టని మనిషి. పక్కనే నిలబడిన గంగక్క కొంగు చివర మడత పెట్టింది, విప్పింది, మళ్లీ పెట్టింది. ఆమెను కూడా అడిగారు. నిజమేనమ్మా, తాగుతాండ్య, అంది.

తర్వాత పాపన్నను పిలిచారు. అతనూ అదే చెప్పాడు. ఆ వెనక వచ్చిన ముగ్గురూ అదే. ఎవరూ వాళ్లను కూర్చోబెట్టి నేర్పలేదు. కుళ్లాయప్ప గొంతు షెడ్డు రేకుల్లోంచి బయటికి వినపడింది, అంతే. కాగితం ఆయన ముందు పెడితే వేలిముద్ర వద్దన్నాడు. పెన్ను పిడికిట్లో పట్టుకుని, బెజ్జం గుర్తు పెట్టినంత జాగ్రత్తగా, ఒక్కొక్క అక్షరానికి ఆగుతూ పేరు రాశాడు.

వీరభద్రయ్య లేచి, ఆటో ఎందుకు, నా జీపులో దింపుతాను రా కుళ్లాయప్పా అన్నాడు. కుళ్లాయప్ప వద్దనలేదు. పెళ్లాం చేయి విడిపించుకున్న మనిషి యజమాని చేయి పట్టుకుని జీపెక్కాడు. ఎక్కాక ఒక్కసారి ఈశ్వరి వైపు తిరిగి, “కోపం పెట్టుకోవద్దమ్మా” అన్నాడు. “నేను ఎట్లా పోయేవాణ్ణే. ఊరు ఉండల్ల గదా.”

లక్ష్మీప్రసన్న డబ్బాలు సర్దుకుంది. మూడు రోజుల తెల్ల కాగితాలు. కారు దగ్గర నిలబడి, రిజిస్టరు శుభ్రంగా ఉందండీ, నా ఫిల్టర్లు శుభ్రంగా ఉన్నాయి, ఆయన వాంగ్మూలం శుభ్రంగా ఉంది అంది. కారు తలుపు తీసింది. ఈశ్వరి సర్టిఫికెట్‌కు ఏ ప్రమాదమూ లేదు. పద్ధతిగా నడుస్తున్న గని, జాలి గుండె ఫోర్‌మన్. అలాగే రాస్తారు.

గురువారం పొద్దున తొమ్మిదికి ట్యాంకరు గేటు దగ్గరికి వచ్చింది. ఈశ్వరి సంతకం పెట్టలేదు. బండి లోపలికి పెట్టమని డ్రైవరుకు చెప్పింది. పైపు తనే లాక్కొచ్చి పాపన్న మిషనుకు బిగించింది. ఈ రోజు నుంచి తడిగానే కొట్టాలంది. ఎవరు ఏమన్నా సరే, ఊరికి నీళ్ల సంగతి వేరే చూద్దామంది.

పాపన్న మిషను కింద పెట్టాడు. పాపన్నకు ఇద్దరు ఆడపిల్లలు, ముప్పై నాలుగేళ్లు. పొద్దున లేవగానే రెండు నిమిషాల దగ్గు అప్పుడే మొదలైంది, దానికి ఇంకా ఎవరూ పేరు పెట్టలేదు. అతను పైపు మర విప్పాడు. నిన్న మొన్న తిప్పి తిప్పి అరిగింది కాబట్టి ఇప్పుడు సులభంగానే వచ్చింది.

“నువ్వు చెప్పేది మాకు తెలియక కాదు ఫోర్‌మనూ. ఆయప్ప నిన్న అంత మాట చెప్పి పాయ. లేని బీడీలు తాగినా అని చెప్పి పాయ. ఈ పొద్దు మేము ఈ నీళ్లు తెచ్చి రాయి మీద పోస్తే, ఆయప్ప రేపు సచ్చినా ఊరికే సచ్చినట్ల కాదా?”

దానికి జవాబు చట్టంలో ఉంది, పుస్తకంలో ఉంది, ఈశ్వరి దాన్ని పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకుంది. నిన్నటి వరకూ ఈ ఊరివాళ్లకు తడి డ్రిల్లింగంటే తెలివితక్కువ పని. ఇప్పుడది పాపం అయింది. తెలివితక్కువకు నచ్చజెప్పొచ్చు. పాపానికి ఎవరు నచ్చజెబుతారు?

పాపన్న పైపు చుట్ట చుట్టి మేకుకు తగిలించి, తుండుగుడ్డ ముక్కుకు కట్టుకున్నాడు. కంప్రెసర్ మోగింది. పిండి లేచింది.

డ్రైవరు హారన్ కొట్టి, ఏం చేయమంటావని చేయి ఊపాడు. ఆమె పోయి క్యాబిన్‌లో అతని పక్కన కూర్చుంది. ఐదేళ్లలో ఒక్కసారి కూడా ఆ బండితో ఊళ్లోకి పోలేదు. నీళ్లు ఎవరెవరు పట్టుకుంటారో చూడలేదు. సంతకం పెట్టడం ఒక్కటే తన పని అనుకుంది.

తొట్టి దగ్గర వరస అప్పటికే వంకర తిరిగి వీధి చివరకు పోయింది. మూడు రోజుల దాహం. అయినా తోపులాట లేదు. బండి ఆగగానే ముందున్న నలుగురైదుగురు ఆడవాళ్లు బిందెలు పక్కకు జరిపారు. వాళ్ల వెనక వాళ్లూ జరిపారు. వరస నడుమ చిన్న దారి ఏర్పడింది. ఆ దారి చివర, రెండు బిందెలతో, గంగక్క.

ఎవరూ పిలవలేదు. రమ్మని చేయి కూడా చూపలేదు. జరిగి నిలబడ్డారు, అంతే. గంగక్క ఆ దారిని చూసింది. ముందుకు పోలేదు. ఇంకాసేపు అట్లాగే ఉంటే ఎవరైనా ఏడుస్తారని భయపడిందో ఏమో, బిందెలు ఎత్తుకుని వరస చివరికి నడిచి, తన తర్వాత వచ్చిన ముసలామె వెనకాల నిలబడింది. వీధికి అడ్డంగా జరిగిన బిందెలు కాసేపు తటపటాయించి, ఒక్కొక్కటే మళ్లీ దగ్గరయ్యాయి.

ఈశ్వరి బండి దిగి గొట్టం పట్టుకుంది. బిందె తర్వాత బిందె, చుక్క కింద పడకుండా నింపింది. వరస కదులుతోంది. గంగక్క వంతు వచ్చేసరికి ట్యాంకరు అడుగంటింది. గొట్టంలో గాలి గురగుర మంది. మొదటి బిందె సగానికి వచ్చి ధార ఆగింది. డ్రైవరు పైకెక్కి లోపలికి తొంగి చూసి చేతులు తిప్పాడు.

ఈశ్వరి గొట్టం చివర బిందెలోకి వంచి, దులిపి, ఇంకా వంచి పట్టుకుంది. ఒక్కొక్క చుక్క పడుతోంది. చుక్క పడినప్పుడల్లా ఆమె గొంతులోంచి ఏదో వస్తోంది, మాట కావడం లేదు.

గంగక్క ఆమె చేతిలోంచి గొట్టం మెల్లగా విడిపించి కింద పెట్టింది. సగం బిందె చంకకెత్తుకుంది. ఖాళీ బిందె రెండో చేత్తో పట్టుకుంది.

“ఏంటికి యాడుస్తావు,” అంది. “రేపు వస్తాది కదమ్మా.”